డెల్టాలో తిన్నని మైలు ఎక్కడుంది? ఆర్‌ఎక్స్ 100తో స్పీడ్ రికార్డు బండి కడుతున్నాం

లంక_కుర్రాడు
మాది రావులపాలెం దగ్గర ఒక లంక ఊరు. నేనూ మా బావా కలిసి రెండేళ్ళ నుంచి ఒక యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు మీద పని చేస్తున్నాం. 1992 మోడల్. ఇంజన్ బోరు కొత్తగా కట్టించాం, క్రాంక్ మార్చాం, సైలెన్సర్ మేమే రేకు చుట్టి వెల్డింగ్ పెట్టాం. దీన్ని బాగుచేసి అమ్మేద్దామని మొదలెట్టాం గానీ ఇప్పుడు మనసు మారింది. ల్యాండ్ స్పీడ్ రికార్డు, అంటే నేల మీద అత్యధిక వేగం రికార్డు, దానికి బండిగా కట్టాలని ఉంది. ప్రపంచంలో 100 సీసీకి కూడా విడిగా ఒక క్లాసు ఉందని తెలిసిన రోజు నుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు.

బాధేంటంటే తోలి చూడ్డానికి చోటు లేదు. మన దగ్గర ఏ రోడ్డైనా కాలవ గట్టే. కాలవ ఎటు తిరిగితే రోడ్డూ అటే తిరుగుతుంది. అర కిలోమీటరుకో ఊరు, ఊరు దాటితే వంతెన, వంతెన దిగితే ఆరబోసిన ధాన్యం. మొన్న తెల్లవారుజామున నాలుగింటికి ఏటిగట్టు మీద తోలితే ఫోన్‌లో జీపీఎస్ 112 చూపించింది. ఇంజన్‌లో ఇంకా ఉంది, రోడ్డే అయిపోయింది.

తిన్నగా ఒక మైలు ఎక్కడ దొరుకుతుందో చెప్పండి. ఇంజన్ నుంచి ఇంకా ఎంత లాగొచ్చో కూడా చెప్పండి.

రెండు_స్ట్రోకులు
ఆర్‌ఎక్స్ అన్నావు కాబట్టి ఆగలేక రాస్తున్నా. కంపెనీ లెక్క 98 సీసీకి 11 హార్స్‌పవర్. ఎగ్జాస్ట్ పోర్టు (సిలిండర్‌లోంచి పొగ బయటికి పోయే రంధ్రం) కొంచెం పైకి తీసి, హెడ్ కోసి, కార్బొరేటర్ పెద్దది పెడితే 15 దాటుతుంది. సైలెన్సర్ మీరే చుట్టామన్నారు కదా, దాని కొలతలు పెట్టండి. టూ స్ట్రోక్‌లో సగం పవర్ ఆ డబ్బాలోనే ఉంటుంది. చోటు సంగతి తర్వాత, ముందు ఇంజన్ పని చూడండి.

బుల్లెట్_భీమవరం
నా దగ్గరా ఒక ఆర్‌ఎక్స్ ఉండేది, 2009లో అమ్మేశాను. ఇప్పటికీ ఆ చప్పుడు వినపడితే వీధిలోకి వస్తాను.

నర్సు_తణుకు
ఏటిగట్టు మీద 112 అన్న మాట దగ్గర ఆగిపోయాను. మా చిన్నాన్న కొడుకు బైపాస్ మీద ఇలాగే తెల్లవారుజామున "రోడ్డు ఖాళీగా ఉంటుంది" అని వెళ్ళాడు. లైట్లు లేని ట్రాక్టర్ ట్రక్కు అడ్డంగా తిరిగింది. వాడికి 22 ఏళ్ళు. నేను పనిచేసే ఆసుపత్రికే తీసుకొచ్చారు. తమ్ముడూ, నీ కోరిక తప్పని నేను అనను. కానీ నాలుగింటికి పాలవాళ్ళు ఉంటారు, నీళ్ళు మళ్ళించుకోడానికి చేలోకి వెళ్ళే రైతులు ఉంటారు. వాళ్ళెవరూ నీ రికార్డులో చేరతామని సంతకం పెట్టలేదు.

లంక_కుర్రాడు
తప్పేనక్కా. రాసేటప్పుడు గొప్పగా అనిపించింది, మీది చదివాక సిగ్గేసింది. గట్టు మీద మళ్ళీ తోలను. అందుకే అడుగుతున్నాను, వేరే చోటు ఎక్కడ అని.

ఉప్పుటేరు
చట్టం సంగతి కూడా తెలిసుండాలి. మోటారు వాహనాల చట్టం 189 సెక్షన్ ప్రకారం ప్రభుత్వ అనుమతి లేకుండా రోడ్డు మీద వేగం పందెం గానీ పరీక్ష గానీ పెడితే మొదటిసారికి 3 నెలల వరకు జైలు లేదా 5,000 వరకు జరిమానా, లేదా రెండూ. మళ్ళీ దొరికితే ఏడాది, 10,000. పద్ధతిగా వెళ్ళాలంటే ఎఫ్‌ఎంఎస్‌సీఐ లైసెన్సు తీసుకోవాలి. మన దేశంలో మోటారు క్రీడలకు సమాఖ్య అదే. ప్రపంచ స్థాయిలో బైకు రికార్డులు గుర్తించేది ఎఫ్‌ఐఎం. మనకు దగ్గరలో సరైన ట్రాక్ అంటే చెన్నై పక్కన ఇరుంగట్టుకోట్టై. అక్కడ మైలు తిన్నగా దొరకదు గానీ, బండి స్థిరంగా ఉందో లేదో తెలుస్తుంది.

లేత్_బాబాయ్
మాది మండపేట. లేత్ మిషను మీద 31 ఏళ్ళు. రైసు మిల్లు షాఫ్టులు, ఆయిల్ ఇంజన్లు, పడవ ప్రొపెల్లర్ షాఫ్టులు చేసి బతికినవాణ్ణి. అందుకని పోర్టింగ్, అంటే ఆ పోర్టులు కోసి పెంచడం, అన్న మాట వినగానే నాకు భయం వేస్తుంది. అందరూ అక్కడే మొదలెడతారు.

1989లో నాకు ఒక యెజ్డీ ఉండేది. ఆలమూరు దాటాక నూరు దగ్గర హ్యాండిల్ ఊగడం మొదలైంది. ముందు చిన్నగా, తర్వాత చేతులు విదిలించేసేంత. గడ్డి మోపుల బండి వెనకాల చేలో పడ్డాను కాబట్టి ఈ మాట రాస్తున్నాను. బండి విప్పి చూస్తే వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ బుష్‌లో మిల్లీమీటరు కూడా నిండని సందు. అంతే. ఇంజన్ బంగారంలా ఉంది. ఒక్క బుష్ నన్ను చంపబోయింది.

కాబట్టి బాబూ, ముందు ఇంజన్ దించి పక్కన పెట్టు. ఛాసిస్ నిలువుగా ఉందో లేదో దారం పట్టి చూడు. ముందు చక్రం, వెనక చక్రం ఒకే గీతలో ఉన్నాయా? స్టీరింగ్ బేరింగు గుంటలు పడిందా? రిమ్ములు డయల్ గేజ్ (సన్న తేడాలు చూపే కొలత పరికరం) పెట్టి తిప్పి చూడు. స్పోకు మీద వేలితో కొడితే అన్నీ ఒకే శబ్దం రావాలి, వీణ తీగల్లాగా. గేజ్ లేకపోతే నా షాపుకి రా, డబ్బులు అక్కర్లేదు.

రెండు_స్ట్రోకులు
బాబాయ్ చెప్పింది కాదనను. కానీ 11 హార్స్‌పవర్‌తో ఎంత నిలువుగా ఉన్నా రికార్డు రాదు కదా. బలం లేనిదే వేగం ఎక్కడిది?

ఫిజిక్స్_మేడమ్
అమలాపురంలో ఇంటర్ పిల్లలకు పాఠం చెబుతాను. ఈ ప్రశ్నకు ఒక పెన్సిల్, ఒక కాగితం చాలు.

గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. ఆ గాలిని తోసుకుపోవడానికి కావలసిన పవర్ వేగం ఘనంతో పెరుగుతుంది. మామూలు బండి మీద మామూలుగా కూర్చుంటే 100 కిలోమీటర్ల దగ్గర గాలి ఒక్కటే సుమారు 10 హార్స్‌పవర్ తినేస్తుంది. అందుకే ఆర్‌ఎక్స్ నూరు దగ్గర ఆయాసపడుతుంది. 140కి వెళ్ళాలంటే 1.4ను మూడుసార్లు గుణించండి, 2.74 వస్తుంది. అంటే 27 హార్స్‌పవర్. 200కి అయితే 80. వంద సీసీలో 80 ఎక్కడ తెస్తారు?

ఇప్పుడు రెండో వైపు చూడండి. ఇంజన్ అలాగే ఉంచి గాలికి ఎదురయ్యే నిరోధాన్ని సగం చేస్తే, ఇంజన్ పవర్ రెట్టింపు చేసినంత ఫలితం. 100 వెళ్ళే బండి దాదాపు 126 వెళ్తుంది. పవర్ రెట్టింపు చేయడానికి ఎన్ని పిస్టన్లు కాలతాయో మీకే బాగా తెలుసు. నిరోధం తగ్గించడానికి రేకు, ఫైబరు, ఒళ్ళు వంచడం చాలు.

నేను కట్టుకథ చెప్పడం లేదు. 1965లో జర్మనీ కంపెనీ క్రైడ్లర్ 50 సీసీ బండిని చేప ఆకారంలో మూసేసి అమెరికా ఉప్పు మైదానంలో 210 కిలోమీటర్లు దాటించింది. యాభై సీసీ! అంతకుముందు 1956లో ఎన్‌ఎస్‌యూ వాళ్ళు 125 సీసీతో 240 దగ్గరికి వెళ్ళారు. అందులో తోలేవాడు కూర్చోడు, పడక కుర్చీలో లాగా కాళ్ళు ముందుకు చాపి పడుకుంటాడు.

బుల్లెట్_భీమవరం
50 సీసీతో 210 అంటే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. మేడమ్ పేరు చెప్పాక నమ్మారు, మా అమ్మాయి ఆవిడ దగ్గరే చదివిందట.

కాకినాడ_ఫైబర్
అయితే నా వంతు వచ్చింది. మేం చేపల వేటకి వెళ్ళే ఫైబర్ బోట్లు చేస్తాం. మ్యాట్, రెసిన్, అచ్చు, ఇవి మాకు రోజూ పని. బండికి ముందు తొడుగు, వెనక తోక చేయడం పెద్ద సంగతి కాదు. ముందు మట్టితోనో థర్మోకోల్‌తోనో అచ్చు నమూనా చేసుకోండి, దాని మీద నునుపు పెట్టుకోండి, మిగతాది నాకు వదిలేయండి. ఒక్క మాట, అందరూ ముందు భాగం సూదిగా చేయాలనుకుంటారు. పడవ నీళ్ళలో వెళ్ళేటప్పుడు వెనక సుడి తిరుగుతుందే, అదే వెనక్కి లాగేది. గాలి కూడా అంతే. వెనక తోక పొడుగ్గా, మెల్లగా సన్నబడాలి.

ఫిజిక్స్_మేడమ్
నా పాఠం కంటే ఇది బాగా చెప్పారు. దానికి ఒకటి జోడిస్తాను. పక్కగాలి తగిలే చోటు, అంటే తొడుగు పక్కభాగం మధ్య బిందువు, బండి బరువు మధ్య బిందువుకి వెనక ఉండాలి. బాణానికి ఈకలు వెనకే ఎందుకు కడతారు? ముందు కడితే బాణం తిరగబడుతుంది. ముందు తొడుగు పెద్దదిగా కట్టి వెనక ఏమీ పెట్టకపోతే మీ బండి ఈకలు ముందున్న బాణమే.

ఓడలరేవు_గాలి
ఇంత లెక్క ఎందుకు, మా బీచ్ మీద తోలొచ్చుగా? ఆటుపోటు తగ్గాక ఇసుక గట్టిగా ఉంటుంది. తిన్నగా మైళ్ళకు మైళ్ళు.

పాత_ఇనుము
చరిత్రలో అలాగే మొదలైంది లెండి. 1907లో గ్లెన్ కర్టిస్ అనే ఆయన ఫ్లోరిడాలో ఆర్మండ్ బీచ్ మీద ఎయిర్‌షిప్‌ల (గాలి ఓడల) కోసం చేసిన వీ8 ఇంజన్‌ను సైకిల్ లాంటి ఫ్రేములో బిగించి గంటకు 136.36 మైళ్ళు వెళ్ళాడు, మన లెక్కలో 219 కిలోమీటర్లు. వేల్స్‌లో పెండైన్ అనే బీచ్ మీద ఈమధ్య వరకు కూడా బైకు రికార్డులు నడిచాయి.

వలకాడు
ఓడలరేవు తమ్ముడికి, మన బీచ్ అలాంటిది కాదు. నేను అంతర్వేది వైపు వేటకి వెళ్తాను. గోదారి తెచ్చి పోసే ఒండ్రు కలిసిన ఇసుక ఇది. పైన గట్టిగా కనిపిస్తుంది, పది అడుగులు ముందుకెళ్తే కాలు దిగిపోతుంది. నీటి వైపు వాలు ఉంటుంది. మధ్యలో వలలు, తాళ్ళు, పడవల లంగర్లు. ఇంకోటి, చలికాలంలో తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి వస్తాయి, ఆలివ్ రిడ్లే అంటారే, అవి. ఆ ఇసుక మీద బండి తోలితే గూళ్ళు నలిగిపోతాయి. దయచేసి ఆ ఆలోచన వదిలేయండి.

ఓడలరేవు_గాలి
తాబేళ్ళ సంగతి గుర్తు రాలేదు. మా ఊరి మాటే మర్చిపోయాను. వెనక్కి తీసుకుంటున్నా.

గోదారి_గట్టు
గుజరాత్‌లో కచ్ రణ్ మీద అయితే? తెల్లగా ఉప్పే ఉప్పు.

పాలకొల్లు_యూటా
ఈ చర్చ పొద్దున్నే చూసి ఆఫీసుకి ఆలస్యం అయ్యాను. నేను పాలకొల్లు వాణ్ణి, 11 ఏళ్ళుగా అమెరికాలో సాల్ట్ లేక్ సిటీలో ఉంటున్నాను. బోన్‌విల్ ఉప్పు మైదానం మా ఇంటి నుంచి కారులో రెండు గంటల లోపే. అక్కడ ఆగస్టులో జరిగే స్పీడ్ వీక్ అనే వేగం పోటీలకి నాలుగుసార్లు వెళ్ళాను.

ముందు కచ్ సంగతి. కచ్‌లో ఉప్పు పైపొర పల్చన, కింద బురద. సరిహద్దు ప్రాంతం, అనుమతులు వేరే కథ. బోన్‌విల్‌లో ఉప్పు వేసవికి గట్టిపడి కాంక్రీటులా ఉంటుంది, అయినా అక్కడ కూడా ప్రతి ఏడాదీ గ్యారంటీ లేదు. 2014లో, 2015లో స్పీడ్ వీక్ రద్దయింది. నీళ్ళు నిలిచి, ఉప్పు పల్చబడి. ఏళ్ళ తరబడి బండి కట్టుకుని వచ్చినవాళ్ళు ఇంటికి వెళ్ళిపోయారు.

మొదటిసారి ఉప్పు మీద దిగినప్పుడు నాకు మన మాగాణి గుర్తొచ్చింది. వేసవిలో చేను ఎండి నెర్రెలు విచ్చుతుందే, ఆ ఆకారాలే, కాకపోతే తెల్లగా, ఆ గీతలు లోపలికి కాకుండా పైకి లేచి ఉంటాయి. నడిస్తే కరకరమంటుంది. ఎండ కింద నుంచి కూడా కొడుతుంది, ముక్కు రంధ్రాల లోపల కూడా కమిలిపోతుంది.

అక్కడ చిన్న బండ్లకు ఎంత గౌరవమో చూస్తే మీకు ధైర్యం వస్తుంది. 600 వెళ్ళే బండి పక్కనే 50 సీసీ బండి వరసలో నిలబడుతుంది. అధికారులు రెండింటినీ ఒకే శ్రద్ధతో పరీక్షిస్తారు. స్టీరింగ్ డ్యాంపర్ (హ్యాండిల్ ఊగకుండా పట్టే పరికరం) ఉందా, టైరు గాలి మూతలు లోహంవేనా, ఆయిల్ బోల్టులకు తీగ చుట్టారా, తోలేవాడు పడిపోతే ఇంజన్ ఆగేలా మణికట్టుకి తాడు కట్టారా, చైన్‌కి గార్డు ఉందా. ఒక ముసలాయన బండికి గాలి మూత ప్లాస్టిక్‌ది ఉందని వెనక్కి పంపారు. ఆయన కోప్పడలేదు. వెళ్ళి మార్చుకుని వచ్చి మళ్ళీ వరసలో నిలబడ్డాడు. లేత్ బాబాయ్ గారు రాసిన బుష్ కథ చదివాక ఆ ముసలాయనే గుర్తొచ్చాడు.

ఇంకో విషయం. అక్కడ ఎత్తు సముద్ర మట్టానికి 1,280 మీటర్ల పైన. గాలి పల్చన. నిరోధం తగ్గుతుంది, ఇంజన్ పవర్ కూడా తగ్గుతుంది. మన రావులపాలెంలో సరిపోయిన జెట్టు (కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రం ఉన్న ముక్క) అక్కడ పెద్దదైపోతుంది. జెట్ల డబ్బా మొత్తం తీసుకెళ్ళాల్సిందే.

లంక_కుర్రాడు
అన్నా, 600 అంటే నిజంగా 600 కిలోమీటర్లా? బైకేనా అది?

పాలకొల్లు_యూటా
బైకే. యాక్ అటాక్ అని పేరు. రెండు సుజుకి హయబుసా ఇంజన్లు, టర్బో. 2010 సెప్టెంబరు 25న రాకీ రాబిన్సన్ అనే ఆయన బోన్‌విల్‌లో తోలాడు. రెండు వైపుల సగటు గంటకు 376.363 మైళ్ళు, 605 కిలోమీటర్ల పైచిలుకు. చూడ్డానికి రెక్కల్లేని చిన్న విమానంలా ఉంటుంది, ఆపడానికి ప్యారాచూట్ తెరుస్తారు.

గోదారి_గట్టు
రెండు వైపుల సగటు అంటే?

ఫిజిక్స్_మేడమ్
ఒకసారి అటు, ఒకసారి ఇటు తోలి రెండింటి సగటు తీయడం. గాలి వీపున తోస్తే ఎవరికైనా వేగం వస్తుంది. తిరిగొచ్చేటప్పుడు అదే గాలి ముఖాన కొడుతుంది. ఎఫ్‌ఐఎం నియమంలో ఆ రెండు పరుగులూ రెండు గంటల లోపు అయిపోవాలి. పైగా ఒక్క క్షణం కనిపించిన అంకె లెక్కలోకి రాదు. కొలిచిన మైలు లేదా కిలోమీటరు మొత్తం మీద సగటు వేగమే రికార్డు. కాబట్టి బాబూ, నీ జీపీఎస్ 112ని పక్కన పెట్టేయి. అది ఒక చూపు మాత్రమే, కొలత కాదు.

పాత_ఇనుము
డబ్బుల్లేక ఆగిపోతామేమోనని భయపడేవాళ్ళకి బర్ట్ మన్రో సంగతి చెప్పాలి. మాది రాజమండ్రి, పాత సామాన్ల వ్యాపారం, అందుకే ఆయనంటే నాకు ప్రాణం.

న్యూజిలాండ్‌లో ఇన్వర్‌కార్గిల్ అనే చివరి ఊరు. 1920లో ఇండియన్ స్కౌట్ అనే బండి కొన్నాడు. ఇండియన్ అనేది అమెరికా కంపెనీ పేరు, మన దేశంతో సంబంధం లేదు, నేనూ మొదట పొరబడ్డాను. కొన్నప్పుడు దాని వేగం 90 కూడా లేదు. ఆ ఒక్క బండి మీదే నలభై ఏళ్ళకు పైగా పనిచేశాడు. పిస్టన్లు పాత డబ్బాల్లో తనే పోత పోసుకున్నాడు. కనెక్టింగ్ రాడ్లు ట్రాక్టర్ ఇరుసు ఉక్కుని చెక్కి చేసుకున్నాడు. 600 సీసీ ఇంజన్‌ని 950 దాకా పెంచాడు. పగిలిపోయిన పిస్టన్లు, రాడ్లు అన్నీ పారేయకుండా ఒక అలమరలో పెట్టి, వేగం దేవుడికి నైవేద్యాలు అని రాసుకున్నాడు. మనం దసరాకి ఆయుధ పూజ చేసినట్టే కదా.

1967లో, 68 ఏళ్ళ వయసులో, బోన్‌విల్‌లో 1000 సీసీ లోపు క్లాసులో గంటకు 183.586 మైళ్ళు. 2014లో ఆయన కొడుకు పాత కాగితాల్లో సగటు తప్పు వేశారని పట్టుకుంటే 184.087గా సరిచేశారు, అంటే 296 కిలోమీటర్లు. మనిషి పోయిన 36 ఏళ్ళకి రికార్డు పెరిగింది! రెండు వైపుల సగటు సంగతి మేడమ్ గారు ఎందుకు అంత నొక్కి చెప్పారో చూడండి.

లేత్_బాబాయ్
ఆ ఏడాదే ఆయన బండి పరుగు మధ్యలో ఊగింది కూడా. వేగం తగ్గించడానికి లేచి కూర్చుంటే గాలికి కళ్ళజోడు ఊడిపోయింది, కళ్ళు కనపడక చివరికి బండిని పక్కకి పడేశాడు. నలభై ఏళ్ళు చేసిన బండే అలా చేసింది. ఊగుడు ఎవర్నీ వదలదు.

నర్సు_తణుకు
లేత్ బాబాయ్ గారూ, మీరు ఉన్నారని ఈ అబ్బాయి గురించి కొంచెం ధైర్యంగా ఉంది.

రెండు_స్ట్రోకులు
నేనూ ఒకటి ఒప్పుకోవాలి. మొన్న పోర్టింగ్ చేయమన్నాను కదా. మూడేళ్ళ క్రితం నా బండికి అదే చేసి, బలం కోసం మెయిన్ జెట్ ఒక నంబరు తగ్గించాను. ఊళ్ళో చక్కగా పరిగెత్తింది. ద్రాక్షారామం రోడ్డులో నిండా యాక్సిలేటర్ ఇచ్చి రెండు నిమిషాలు పట్టాను, పిస్టన్ పట్టేసింది. వెనక చక్రం లాక్ అయింది. క్లచ్ మీద వేళ్ళు ఉన్నాయి కాబట్టి బతికాను. ఆ తర్వాత ఒక షాపులో కంపెనీ డబ్బాలో ఇచ్చిన పిస్టన్ కిట్ కూడా డూప్లికేట్ అని తేలింది, రింగు వారంలో విరిగింది.

ఊళ్ళో ఎవరూ అర నిమిషం కంటే ఎక్కువ ఫుల్ థ్రాటిల్ ఇవ్వరు. ఉప్పు మీద మైళ్ళ తరబడి ఇవ్వాలి. కాబట్టి పవర్ కంటే ముందు వేడి చూసుకో. జెట్టు పెద్దదానితో మొదలెట్టి స్పార్క్ ప్లగ్గు రంగు చూస్తూ చిన్నదానికి దిగు. క్లచ్ మీద రెండు వేళ్ళు ఎప్పుడూ తీయకు.

కాకినాడ_ఫైబర్
మా బోటు ఇంజన్లకి కూడా ఇదే. ఒడ్డున స్టార్ట్ చేసి బాగుందనుకుంటాం, సముద్రంలో గంటసేపు నిండుగా నడిస్తే అసలు రంగు బయటపడుతుంది.

బుల్లెట్_భీమవరం
మన దేశంలో తయారైన బండి ఏదైనా ఆ ఉప్పు మీదికి వెళ్ళిందా?

పాలకొల్లు_యూటా
వెళ్ళింది. 2018 ఆగస్టులో రాయల్ ఎన్‌ఫీల్డ్ కాంటినెంటల్ జీటీ 650ని మార్చి తోలితే 150 మైళ్ళు దాటింది, 240 కిలోమీటర్ల పైన. తోలింది కేలా రివాస్ అనే టీనేజి అమ్మాయి.

బుల్లెట్_భీమవరం
ఇది మా అమ్మాయికి చదివి వినిపిస్తాను.

ఫిజిక్స్_మేడమ్
ఇప్పుడు కుర్రాడికి ఇంటిపని. వేగంగా తోలకుండానే గాలి నిరోధం కొలవొచ్చు. గేటు ఉన్న లోపలి రోడ్డు, అర కిలోమీటరు తిన్నగా చాలు. మా పరిచయంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళని అడిగాను, ఆదివారం పొద్దున ఇస్తామన్నారు. 65కి తీసుకెళ్ళి క్లచ్ నొక్కేయండి. 60 నుంచి 40కి దిగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో కొలవండి. నిటారుగా కూర్చుని ఐదుసార్లు, ట్యాంకు మీద వాలి ఐదుసార్లు. ఎక్కువ సెకన్లు పడితే నిరోధం తక్కువన్నట్టు.

గేరు లెక్క కూడా రాసి తీసుకురండి. ఇంజన్ 7,500 తిరుగుతూ, మొత్తం గేరు నిష్పత్తి 8 అయి, టైరు చుట్టుకొలత 1.8 మీటర్లు అయితే వేగం 101. నిష్పత్తి 7.5 చేసి 9,000 తిరగగలిగితే దాదాపు 130. తిరగగలదా అన్నది గాలి చెబుతుంది. మీ బండి పళ్ళు లెక్కపెట్టి మీ అంకెలు వేసుకోండి.

లంక_కుర్రాడు
రెండు వారాలు కనపడలేదు, పని చేస్తున్నాం. అందరూ చెప్పినవి ఒక్కొక్కటే చేశాం.

లేత్ బాబాయ్ గారి షాపుకి చాసిస్ తీసుకెళ్ళాం. స్వింగ్ ఆర్మ్ బుష్‌లు ఇత్తడితో కొత్తవి టర్నింగ్ చేసిచ్చారు. స్టీరింగ్ బేరింగు గుంటలు పడి ఉంది, మార్చాం. ఏటిగట్టు మీద 112లో తోలింది ఆ బేరింగుతోనే. అది చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

బరువు రైసు మిల్లు కాటా మీద చూశాం. నేను వాలి పడుకుంటే ముందు చక్రం మీద బరువు పెరుగుతోంది, కూర్చుంటే వెనక్కి పోతోంది.

ఇక మేడమ్ గారి ఇంటిపని. 60 నుంచి 40కి: నిటారుగా కూర్చుంటే సగటున 8.7 సెకన్లు. ట్యాంకు మీద వాలితే 11. తర్వాత మా బావ అట్టపెట్టె కోసి సీటు వెనక ఒక తోక కట్టాడు, దాంతో 11.5. అట్టముక్కకి అర సెకను! ఇంజన్ ముట్టుకోలేదు. ఇది చూశాక ఫైబర్ అన్నకి ఫోన్ చేశాను.

కాకినాడ_ఫైబర్
అట్టది పారేయకు, అలాగే తీసుకురా. దాని మీదే అచ్చు తీస్తాం.

ఫిజిక్స్_మేడమ్
చాలా సంతోషం. కానీ అన్నీ ఒకే వైపు తోలారా, రెండు వైపులా తోలారా?

లంక_కుర్రాడు
ఒకే వైపు మేడమ్. తూర్పు నుంచి పడమటికి. ఆ రోజు సముద్రం గాలి వెనక నుంచి ఉంది.

ఫిజిక్స్_మేడమ్
అయితే ఆ అర సెకను ఇంకా మనది కాదు. మళ్ళీ చేయండి. అటు ఐదు, ఇటు ఐదు. గాలి లేవకముందే, పొద్దున ఆరింటికి. కాలేజీ వాళ్ళకి నేను చెబుతాను.

రెండు_స్ట్రోకులు
నేనూ వస్తా. జెట్ల డబ్బా తెస్తాను. ఇంజన్ ముట్టుకోనులే, ప్లగ్గు చూస్తాను అంతే.

లేత్_బాబాయ్
వెనక రిమ్ము ఇంకా 2 మిల్లీమీటర్లు పక్కకి కొడుతోంది. కొలతకి ముందు అది సరిచేయాలి. శనివారం సాయంత్రంలోగా చక్రం షాపులో పడేయి, రాత్రికి స్పోకులు లాగి ఉంచుతాను.

నర్సు_తణుకు
ఆదివారం నాకు డ్యూటీ లేదు. ఫస్ట్ ఎయిడ్ సామాను తీసుకుని వస్తాను. హెల్మెట్, జాకెట్, గ్లౌజులు, బూట్లు నాలుగూ వేసుకుంటేనే స్టార్ట్ చేయనిస్తాను. లొకేషన్ పెట్టు తమ్ముడూ.

లంక_కుర్రాడు
పెట్టానక్కా. గ్లౌజులు చిరిగినవి ఉన్నాయి, శనివారం రాజమండ్రి వెళ్ళి కొత్తవి కొంటాను. చక్రం ఇప్పుడే విప్పుతున్నాం బాబాయ్.